పగిలే వస్తువు

సోమవారం పొద్దున్న పార్సిలమ్మ వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. కొడుకూ కోడలూ ఆఫీసులకు వెళ్లిపోవాలి. వీధి తలుపుకు తను లోపల్నించి గడియ వేసుకోవాలి. ఆ తర్వాత మంచం కిందున్న పదిహేడున్నర కిలోల పెట్టెను ఎనిమిదిసార్లు నేల మీంచి లేపాలి. మొదటి పని తన చేతిలో లేదు కాబట్టి, అదేదో త్వరగా జరిగితే బాగుండునని దిండుకు చేరగిలబడి, పేపరు అడ్డం పెట్టుకుని, వీలైనంత నీరసంగా కూర్చుంది.

పార్సిలమ్మ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. అరవై ఆరేళ్ల ఆ మనిషి పార్సిల్ ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు పనిచేసి రిటైరైంది. అక్కడ కాటా మొరాయించిన రోజున కూడా పని ఆగేది కాదు. ఆవిడ మూటను రెండు చేతులా పట్టి ఓసారి లేపి, దించి, బరువు చెప్పేసేది. కాటా బాగయ్యాక తూచి చూస్తే పావుకిలో తేడా కూడా వచ్చేది కాదు. ఆ ఆఫీసు ఆవిడకు రెండు అలవాట్లు నేర్పి ఇంటికి పంపింది. తూచిన వస్తువుకు బరువు రాసిన చీటీ కట్టందే చెయ్యి తియ్యకూడదు. పంపేవాడు తన నోటితో చెప్పిన బరువును మాత్రం ఎప్పుడూ రాసుకోకూడదు.

మూటలు మోసినన్నాళ్లూ కాలు జారని ఆ మనిషి, నాలుగు నెలల కిందట చేతిలో దువ్వెన తప్ప మరే బరువూ లేని సమయంలో, కాళ్లు తుడుచుకునే పట్టా మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల ఇనప కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది గానీ ఇంట్లోవాళ్ల ధైర్యం అతుక్కోలేదు. ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే కోడలు పరుగున వచ్చి లాక్కునేది. కుర్చీలోంచి లేవబోతే కొడుకు "అమ్మా!" అని గావుకేక పెట్టేవాడు. ఆ కేకకు ఉలిక్కిపడే ఆవిడ రెండుసార్లు పడబోయింది. ఉద్యోగంలో ఉండగా కొన్ని వేల పెట్టెలకు 'పగిలే వస్తువు, జాగ్రత్త' అని చీటీ అంటించింది. ఇప్పుడు ఆ చీటీ తీసి తన నుదుటికే అంటించారు. అంతా ప్రేమే, కాదనడానికి లేదు. కానీ ఆ ప్రేమలో ఆవిడకు ఊపిరాడటం లేదు.

ఆ పొద్దున్న కొడుకు చెప్పులు వేసుకుంటూ మరో మాట చెప్పాడు.

"అమ్మా, ఆదివారం నీ బీరువా కిందికి దింపేస్తాను. పైన నా ఆఫీసు బల్ల వేసుకుంటాను. నీకింక మెట్లతో పనేముంది చెప్పు?"

మేడ మీది గది పార్సిలమ్మది. రిటైరైన ఏడాది ఎండలో నిలబడి, దగ్గరుండి కట్టించుకుంది. రెండు కిటికీలు, ఓ రేడియో, లోపల్నించి వేసుకునే గడియ. ముఖ్యంగా ఆ గడియ. కింది గదిలో అందరూ అటూ ఇటూ తిరుగుతుంటారు, తలుపన్నది మూతపడదు. ఆ గదికీ తనకూ మధ్య ఉన్నవి పద్దెనిమిది మెట్లు. ఒకసారి బీరువా దిగిందంటే మళ్లీ ఎక్కదని ఆవిడకు తెలుసు.

"సరే" అంది.

వాదనకు సిద్ధపడి వచ్చిన కొడుకు ఆ 'సరే' విని కాస్త తడబడి వెళ్లిపోయాడు.

పార్సిలమ్మ ఊరికే సరే అనలేదు. వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. పొట్టిగా, గట్టిగా, గడియారంలా పదింటికి వచ్చే మనిషి. రెండో నెలలో డాక్టరు చేత సరేననిపించుకుని ఆ అమ్మాయి బరువుల పాఠం మొదలుపెట్టింది.

"కండకి పని చెప్పకపోతే కండ రాదు పెద్దమ్మగారూ. ఎముకకి బరువు తగలకపోతే గట్టిపడదు. ఏదో చేశామన్నట్టు కాదు, నిజంగా బరువనిపించాలి. వీపు నిటారుగా పెట్టండి, నడుం వెనక్కి. ఊపిరి బిగబట్టకండి."

ఈ సంగతి కొడుక్కి చెప్పలేదా అంటే, చెప్పింది. "బరువులు పెంచుతున్నామండీ" అని ఫిజియో అమ్మాయి అతని ఎదురుగా నిలబడే చెప్పింది. అతను ఎంతో సంతోషించి, ఆ సాయంత్రమే బజారుకు వెళ్లి గులాబీ రంగు డంబెల్స్ జత ఒకటి పట్టుకొచ్చాడు. ఒక్కొక్కటి అరకిలో. పార్సిలమ్మ వాటిని ఫ్యాను గాలికి పేపరు ఎగిరిపోకుండా పెట్టుకుంది.

"పదిహేడున్నర దాకా వచ్చామని వాడికి చెప్పకు తల్లీ, వాడి గుండాగిపోతుంది" అని ఆవిడ బతిమాలింది.

"నేను అబద్ధం చెప్పను. అడిగితే చెప్పేస్తా."

"వాడడగడు. వాడికన్నీ ముందే తెలుసు."

అలా ఒప్పందం కుదిరింది. బీరువా మాట వచ్చాక దానికి ఇంకోటి కలిసింది. ఆదివారం పదింటికి ఫిజియో అమ్మాయి వస్తుంది. కొడుకు కళ్లెదుట పార్సిలమ్మ పది కిలోల సంచీ చేత్తో పట్టుకుని పద్దెనిమిది మెట్లూ ఎక్కుతుంది. ఆ తర్వాత గది ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఆ వారమంతా ఇల్లు ఖాళీ కాగానే సాధన జోరుగా సాగింది. బరువులు కొనలేదు, ఇంట్లోవే. కొడుకు పాత ప్రయాణాల పెట్టెలో పుస్తకాలు కుక్కితే పదిహేడున్నర అయింది. గోడలకు వేయగా మిగిలిన రంగు డబ్బా పన్నెండు. కుట్టుమిషను పై భాగం పదకొండుంపావు. ఎత్తిన ప్రతిదాన్నీ దించగానే ఆవిడ చెయ్యి దానంతటదే సొరుగులోకి పోయి, దారం కట్టిన అట్టచీటీ తీసి, బరువు రాసి, ముడి వేసేసేది. ముప్పై ఒక్కేళ్ల చెయ్యి అది, ఎవరినీ అడగదు.

గురువారం సాయంత్రం చీర అంచు కుట్టుకుందామని మిషను ముందు కూర్చున్న కోడలికి చీటీ కనిపించింది. వంగి చూస్తే మంచం కింద తాళం వేసిన పెట్టె, దానికో చీటీ. మెట్ల కింద రంగు డబ్బా, దానికీ చీటీ. అన్నిటి మీదా అత్తగారి గుండ్రటి చేతిరాత. వంటగదిలో ఆ తర్వాత ఏం జరిగిందో పార్సిలమ్మకు ఆదివారం దాకా తెలియదు. మనకు ముందే తెలిసినా నష్టం లేదు.

"ఏవండీ, అత్తయ్య వెళ్లిపోతున్నారు" అంది కోడలు, కళ్లనీళ్లు పెట్టుకుని.

"ఎక్కడికి?"

"ఎక్కడికో! సామానంతా తూచి చీటీలు కట్టేశారు. పెట్టె సర్ది తాళం కూడా వేసేశారు."

కొడుకు చీటీలు చూశాడు. చిన్నప్పట్నించీ ఆ ఇంట్లో ఆ చీటీ కట్టిన వస్తువు ఏదైనా మర్నాడు బండెక్కడమే అతనికి తెలుసు. ఆ చీటీకి మరో అర్థం ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"మరి రంగు డబ్బా ఎందుకు తీసుకెళ్తుంది?" అన్నాడు నీరసంగా.

"కోపంలో ఉన్న మనిషి ఏదైనా తీసుకెళ్తుందండీ. మీరే ఏదో అనుంటారు."

అప్పుడు అతనికి సోమవారం నాటి 'సరే' గుర్తొచ్చింది. తను పుట్టి బుద్ధెరిగాక అమ్మ ఒక్క మాటతో సరే అనడం అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున్న అతను ఆఫీసుకు సెలవు పెట్టి, తల్లి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, నాకంతా తెలిసిపోయింది. చీటీలు చూశాను."

పార్సిలమ్మ చేతిలో పేపరు జారింది. అయిపోయింది, దొరికిపోయాను అనుకుంది.

"ఎన్నాళ్లనించమ్మా ఇది?"

"రెండు నెలలైందిరా" అంది తలొంచుకుని.

"రెండు నెలలు! ఒక్క మాట చెప్పలేదు నాకు. ఇంకెవరికి తెలుసు?"

"ఆ ఫిజియో అమ్మాయికి తెలుసు. అసలు మొదలుపెట్టించిందే తను."

కొడుకు లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. "ఏమనీ?"

"ఎన్నాళ్లని ఒకరి మీద ఆధారపడతారు, మీ కాళ్ల మీద మీరు నిలబడాలి అంది. నిజమే కదరా?"

"నీకిక్కడ ఏం తక్కువ చేశామమ్మా?"

"తక్కువేం చెయ్యలేదు. ఎక్కువే చేశారు. అదే మోయలేకపోయాను." ఆవిడ జారిన పేపరు తీసి మడతపెట్టింది. "నా మీద కోపం తెచ్చుకోకు. ఆదివారం ఒక్కటీ నన్ను ఆపకు. పదింటికల్లా తేలిపోతుంది."

ఆదివారం పదింటికి బండి! కొడుకు బయటికి వచ్చి రెండు ఫోన్లు చేశాడు. మొదటిది ఫిజియో అమ్మాయికి. "మా ఇంట్లో చిచ్చు పెట్టారు, చాలు. ఇక రాకండి" అన్నాడు. రెండోది అక్కకు.

అక్క గంట ప్రయాణం దూరంలో ఉంటుంది. కుర్చీలూ బల్లలూ అద్దెకిచ్చే వ్యాపారం. సొంత వ్యాను, పెద్ద గొంతు.

"అమ్మ వెళ్లిపోతోందక్కా" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడికిరా? నా దగ్గరికేగా! ఇంకెవరున్నారు మనకి?" అంది అక్క. ఆవిడ మనసులో ఓ పక్క కంగారు, ఓ పక్క అమ్మ తననే ఎంచుకుందన్న గర్వం. "నువ్వేం కదిలించకు. ఆదివారం పొద్దున్నే వ్యాను తీసుకుని నేనే వస్తా. గదికి సున్నం వేయిస్తున్నా."

శనివారం పది దాటినా ఫిజియో అమ్మాయి రాలేదు. పార్సిలమ్మ ఫోను చేసింది.

"మీ అబ్బాయి రావద్దన్నారు పెద్దమ్మగారూ. ఇంట్లో చిచ్చు పెట్టానట. పదిహేడున్నర కిలోలకే అంతమాటా?"

"వాడికి నా మీద బెంగ ఎక్కువమ్మా."

"నన్ను మానిపించాల్సింది పేషెంటు. మీరు మానమంటున్నారా?"

"చస్తే అనను."

"అయితే రేపు పదింటికి వస్తున్నా."

ఫోను పెట్టేశాక పార్సిలమ్మ చాలాసేపు మెట్ల వైపే చూస్తూ కూర్చుంది. నాలుగు నెలల్లో ఎప్పుడూ లేనంత భయమేసింది. పడతానని కాదు. ఎక్కగలిగి కూడా ఎక్కనివ్వరేమోనని.

ఆదివారం ఎనిమిదిన్నరకు కొడుక్కి ఓ ఆలోచన వచ్చింది. ఆ ఇంట్లో ఆ వారం జరిగిన అనర్థాలన్నిటిలోకీ పెద్దది అదే. అమ్మకు కింద సుఖంగా లేదు, ఎందుకు లేదు? తన వస్తువులు తన దగ్గర లేవు. బీరువా, రేడియో తెచ్చి ఆవిడ గదిలో అందంగా అమర్చేస్తే, చూసి మనసు మార్చుకుంటుంది. ఆవిడ స్నానానికి వెళ్లిన సమయం చూసి అతను పిల్లిలా మేడెక్కాడు.

అది ఒంటి తలుపు ఇనప బీరువా. ఖాళీ చేసి దింపాలని ఎవరైనా చెబుతారు. కానీ చెప్పేవాళ్లు కింద ఉన్నారు. 'ఎత్తడం కాదుగా, దింపడమే కదా' అనుకుని, రేడియోను కూడా అందులోనే పెట్టి, తను కిందుగా నిలబడి, బీరువాను మీదికి వాల్చుకుని, ఒక్కో మెట్టూ వెనక్కి దిగాడు. ఎనిమిది మెట్లు బాగానే దిగాడు. మెట్లు మలుపు తిరిగేచోట బీరువా గోడకూ కటకటాలకూ మధ్య ఇరుక్కుంది. అతను వంగి, ఊపిరి బిగబట్టి, వీపంతా విల్లులా వంచి ఒక్క ఊపు ఊపాడు. బీరువా కదల్లేదు. నడుం కలుక్కుమంది.

"అమ్మో!"

ఆ కేకకు పక్కింటి కిటికీలు కూడా తెరుచుకున్నాయి. కోడలు పరుగెత్తుకొచ్చింది. సరిగ్గా అప్పుడే వీధిలో వ్యాను హారను మోగింది, అక్క కొంగు దోపుకుని లోపలికి వచ్చింది. వచ్చీ రాగానే మంచం కిందున్న పెట్టె పట్టుకుని లాగింది.

"అమ్మా! ఇందులో రాళ్లు పెట్టావా ఏంటి? ఇవన్నీ వ్యానులో ఎక్కిస్తా. తమ్ముడేడీ?"

"ఇక్కడ!" అంది మెట్ల మీంచి ఓ బలహీనమైన గొంతు.

తడి జుట్టు ముడేసుకుంటూ పార్సిలమ్మ బయటికి వచ్చేసరికి దృశ్యం ఇదీ. కొడుకు మలుపు దగ్గర సగానికి వంగిపోయి బీరువాను కౌగిలించుకుని ఉన్నాడు. నిటారుగా లేవలేడు, వదల్లేడు, వదిలితే అది మీద పడుతుంది. కోడలు రెండు మెట్లెక్కి ఏడుస్తోంది. కూతురు పెట్టె పట్టుకుని నోరెళ్లబెట్టింది.

పార్సిలమ్మ కోడల్ని పక్కకు జరిపి, చేతికర్ర గోడకు ఆనించి, మొదటి మెట్టు మీద బాగున్న కాలు వేసింది.

"అమ్మా, వద్దు! పడతావు!" అంది కూతురు.

"పడితే నీ మీదే పడతా. వెనకాలే రా."

బాగున్న కాలు, దెబ్బ తగిలిన కాలు. బాగున్న కాలు, దెబ్బ తగిలిన కాలు. అయిదో మెట్టు దగ్గర తుంటిలో చురుక్కుమంది. ఆగి, ఊపిరి వదిలి, మళ్లీ ఎక్కింది. పదో మెట్టుకు మలుపు వచ్చింది. కొడుకు తల పక్కకు తిప్పి చూశాడు. అమ్మ మెట్ల మీద ఉంది, చేతిలో కర్ర లేదు. నడుం నొప్పి కన్నా ఆ దృశ్యం అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చావు!"

"ఊపిరి బిగబట్టావురా. ముందది వదులు. వీపు అలా పెట్టుకుని ఎవడైనా ఎత్తుతాడా?" అని, పాదాలు ఎడంగా పెట్టి, నడుం వెనక్కి తోసి, వీపు నిటారుగా ఉంచి బీరువా కింది అంచు పట్టుకుంది. "అమ్మాయ్, నువ్వు ఆ మూల పట్టు. మూడనగానే. ఒకటీ, రెండూ, మూడు!"

బీరువా లేచింది. లేచి, గోడను గీరుకుంటూ తిరిగి, మలుపులో బుద్ధిగా నిలబడింది.

"నా వైపు ఇరవై తొమ్మిది. మొత్తం యాభై ఎనిమిది" అంది పార్సిలమ్మ, చేతులు దులుపుకుంటూ. "లోపల రేడియో ఉంది, కొట్టుకుంటోంది. పగిలుంటే చెప్తా నీ పని."

ఆసరా పోయిన కొడుకు మెల్లగా జారి కూలబడ్డాడు. తల్లి ఓ చంక కింద, కూతురు రెండో చంక కింద చేతులు వేసి అతన్ని లేపి నిలబెట్టారు. ఆ క్షణంలో పార్సిలమ్మ కనుబొమలు ఓసారి పైకి లేచాయి. కూతురూ కోడలూ చెరోవైపు పట్టుకుని అతన్ని కిందికి నడిపించారు. తీసుకెళ్లి తల్లి మంచం మీదే పడుకోబెట్టారు. ఆ ఇంట్లో నడుం విరిగినవాళ్లకు సిద్ధంగా ఉన్న పక్క అదొక్కటే.

"పది మెట్లు చూశాను. మిగతా ఎనిమిదీ ఎవరెక్కుతారు పెద్దమ్మగారూ?"

గుమ్మంలో సంచీ భుజాన వేసుకుని ఫిజియో అమ్మాయి నిలబడి ఉంది. గడియారం పది కొట్టింది.

పార్సిలమ్మ మలుపులోంచే మిగతా ఎనిమిది మెట్లూ ఎక్కేసింది. పైనుంచి తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది, తర్వాత కిటికీలు ఒకదాని వెనక ఒకటి తెరిచిన చప్పుడు. ఆవిడ కిందికి వచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి, దుమ్ము పడిందని చెప్పింది.

మిగిలిన గొడవ తేలడానికి పావుగంట పట్టింది. కోడలు చీటీల సంగతి అడిగింది. "అవి వ్యాయామం బరువులండీ" అంది ఫిజియో అమ్మాయి. కూతురు నమ్మక పెట్టె తెరిపించింది. లోపల బట్టలు లేవు, నగలు లేవు. బరువు తగ్గడమెలాగో చెప్పే లావుపాటి పుస్తకాలు ఇరవై రెండు. అన్నీ కొడుకు కొన్నవే, ఏ ఒక్కటీ తెరిచిన దాఖలా లేదు.

"అంటే నువ్వు మమ్మల్నొదిలి వెళ్లటం లేదా?" అన్నాడు కొడుకు పక్క మీంచి. అతని గొంతులో నొప్పి లేదు, నిజంగానే చిన్నపిల్లాడి గొంతు.

"నేనెక్కడికి పోతానురా వెర్రివాడా! పద్దెనిమిది మెట్లు పైకి పోదామనుకున్నా, అంతే. దానికి ఇంత రాద్ధాంతం" అని ఆవిడ అతని తల నిమిరింది.

"అయితే నేను సున్నం వేయించిన గదో?" అంది కూతురు.

"వచ్చే నెల వచ్చి పది రోజులుంటాలే. నీ ఇంటికి మెట్లున్నాయా?"

"లేవు."

"అయితే వారం చాలు."

ఫిజియో అమ్మాయి కొడుకు నడుం అటూ ఇటూ నొక్కి చూసింది. నాలుగుసార్లు అరిచాడు. ఎముకకేం కాలేదు, కండ పట్టేసిందని తేల్చింది. "వారం పాటు మెట్లెక్కద్దు. బరువులెత్తద్దు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెడదాం" అని చుట్టూ చూసి, పేపరు మీదున్న గులాబీ రంగు డంబెల్స్ తీసి అతని దిండు పక్కన పెట్టింది. "వీటితో."

తర్వాత ఆడవాళ్లంతా కలిసి బీరువాను ఎనిమిది మెట్లు పైకెక్కించారు. ఈసారి ముందుగా ఖాళీ చేశారు. రేడియో పగల్లేదు. మోగించి చూస్తే ముందుకన్నా కొంచెం గట్టిగానే మోగింది.

మధ్యాహ్నం కొడుకు దిండు పక్కనున్న గ్లాసు అందుకోబోతే కోడలు పరుగున వచ్చి లాక్కుంది. పార్సిలమ్మ గుమ్మంలో నిలబడి అది చూసి, తృప్తిగా తలూపి, సొరుగులోంచి అట్టచీటీ తీసి రాసింది. దాన్ని మంచం కోడుకు ముడివేసి, తన దిండు చంకలో పెట్టుకుని మేడెక్కిపోయింది. పైన గడియ పడిన చప్పుడు ఇల్లంతా వినిపించింది.

కోడలు వంగి చీటీ చదివింది. 'పగిలే వస్తువు, జాగ్రత్త. 83 కిలోలు.'

"ఏవండీ, మీరు డెబ్బై రెండని కదా చెప్పారు?"

కొడుకు కళ్లు గట్టిగా మూసుకుని, నడుం నొప్పి ఉన్నట్టుండి ఎక్కువైనట్టు మూలిగాడు. పంపేవాడు చెప్పిన బరువును పార్సిల్ ఆఫీసులో ఎప్పుడూ రాసుకోరు.